ఫుప్పూ ముప్పై గజాలు

లండన్‌లో ఉంటున్న మా కజిన్ రెండేళ్ల కింద ఫోన్ చేసి ఒక ఫర్మాయిష్ పెట్టాడు. "భాయ్, మన ఖాందాన్ షజ్రా ఒకటి తయారు చేసి పంపు. ఫ్రేమ్ కట్టించి హాల్లో పెట్టుకుంటా. ఇక్కడ మా దోస్తులు పాత సెన్సస్‌లో పేరు కొడితే చాలు, ముత్తాత ఏ గల్లీలో ఏ ఇంట్లో ఉన్నాడో వచ్చేస్తోంది. నువ్వు అఖ్బార్‌లో పనిచేస్తున్నవ్, ఉర్దూ చదువుతవ్. నీకేం ముష్కిల్?"

నిజమే అనుకున్నాను. పదో తరగతి దాకా ఉర్దూ మీడియం, తర్వాత తెలుగులో డిగ్రీ, ఇరవై ఏళ్లుగా విలేఖరి ఉద్యోగం. ఇంక ఇంట్లో చిన్నప్పటి నుంచి వింటున్న కహానీ ఒకటి ఉండనే ఉంది. మేం ఎల్గందల్ ఖిలా వాళ్లమని, చెన్నూరు దిక్కు మాకు జాగీర్ ఉండేదని, పోలీస్ యాక్షన్ తర్వాత అంతా పోయిందని పెద్దలు చెప్పేవాళ్లు. పెళ్లి సంబంధాల దగ్గర ఈ ముచ్చట తప్పకుండా వచ్చేది. షజ్రా రాయడమంటే ఆ కహానీకి తారీఖులు వేయడమే కదా అనుకుని మొదలుపెట్టాను.

మొదటి దెబ్బ సెన్సస్ దగ్గరే తగిలింది. ఇంగ్లండ్‌లో జనగణన కాగితాలను నూరేళ్లు దాచి తర్వాత జనం ముందు పెడతారు. 1921 నాటివి 2022 జనవరిలో బయటికొచ్చాయి. అమెరికాలో 72 ఏళ్ల గడువు. మన దగ్గర అలాంటి గడువే లేదు. 1948 సెన్సస్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఇంటింటికీ తిరిగి రాసుకున్న వివరాలను ఎవరూ చూడటానికి వీల్లేదు, కోర్టులో సబూత్‌గా పెట్టడానికీ వీల్లేదు. మనకు దొరికేది అచ్చైన పట్టికలే. హైదరాబాద్ రియాసత్‌లో మొదటి జనగణన 1881లో జరిగింది. అప్పటి నుంచి పదేళ్లకోసారి వచ్చిన రిపోర్టులు, 1951 నుంచి వచ్చిన జిల్లా హ్యాండ్‌బుక్‌లు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ముఫ్త్‌గా చదువుకోవచ్చు. వాటిలో ఒక ఊళ్లో ఎన్ని ఇళ్లు, ఎంతమంది మనుషులు, ఎంతమందికి చదువొచ్చు అన్నది ఉంటుంది. మీ దాదా పేరు మాత్రం ఉండదు. పాత రిపోర్టుల్లో ముసల్మాన్లను షేక్, సయ్యద్, మొఘల్, పఠాన్ అని గడులుగా విడదీశారు. అందులో షేక్ గడి పెద్దది. కొత్తగా దీన్‌లోకి వచ్చిన కుటుంబాలు చాలా చోట్ల షేక్ అనే రాయించుకున్నాయి. మేమూ షేకులమే. ఆ గడి చూశాకే నా మనసులో మొదటి అనుమానం పుట్టింది.

సెన్సస్ పేరు చెప్పదని తెలిశాక ఇంటి సందూక్ తెరిచాను. అబ్బా పోయాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అడుగున గుడ్డలో చుట్టిన కాగితాల్లో అన్నిటికంటే పాతది శిస్తు రసీదు. సన్ 1312 ఫస్లీ. మా పర్‌దాదా పేరు, ఊరి పేరు, పక్కన "తాలూకా చెన్నూర్, జిలా ఎల్గందల్" అని ఉంది.

ఈ నాలుగు మాటలు అర్థం కావడానికి నాకు వారం పట్టింది. చెన్నూరు ఆదిలాబాద్ జిల్లా కదా, ఎల్గందల్ ఎట్లా అవుతుంది? మొదటి సాలార్‌జంగ్ 1865లో జిలాబందీ చేసినప్పుడు మన ప్రాంతం ఎల్గందల్ జిల్లా అయింది. 1905లో సదర్ ముఖామ్ ఎల్గందల్ నుంచి కరీంనగర్‌కు మారింది, జిల్లా పేరూ మారింది. ఎల్గందల్ ఖిలేదార్ సయ్యద్ కరీముద్దీన్ పేరు మీద ఈ ఊరు వెలిసిందని చెబుతారు. అదే 1905లో సిర్పూర్-తాండూర్ అనే చిన్న జిల్లాను పెంచి ఆదిలాబాద్ జిల్లా చేశారు. దానికి ఎల్గందల్ నుంచి చెన్నూరు, లక్సెట్టిపేట తాలూకాలను, ఇందూరు నుంచి నిర్మల్, నర్సాపూర్ తాలూకాలను ఇచ్చారు. మళ్లీ 2016 అక్టోబర్ 11న జిల్లాలు విడగొట్టినప్పుడు చెన్నూరు మంచిర్యాల జిల్లాలోకి వెళ్లింది. అంటే మా పర్‌దాదా ఇల్లు అంగుళం కదలకుండానే మూడు జిల్లాలు చూసింది.

మా కహానీ సగం అక్కడే విడిపోయింది. "ఎల్గందల్ వాళ్లం" అని పెద్దలు చెప్పింది అబద్ధం కాదు. వాళ్లు చెప్పింది జిల్లా పేరు. కాలం గడిచాక జిల్లా పేరు జనం జ్ఞాపకంలోంచి పోయింది, ఖిలా మాత్రం గుట్ట మీద కనబడుతూనే ఉంది. దాంతో మేం ఖిలా వాళ్లమైపోయాం. మీ ఇంట్లోనూ ఇట్లాంటి మాట ఉంటే ముందు 1905కు ఇవతలదా అవతలదా చూసుకోండి. నిర్మల్ వాళ్లు పాత కాగితాలు ఆదిలాబాద్ పేరుతో వెతికితే దొరకవు, ఇందూరు పేరుతో వెతకాలి. ఆసిఫాబాద్ వాళ్ల పాత కాగితంలో జనగాం అని కనిపిస్తే వరంగల్ దిక్కు పోకండి. ఆసిఫాబాద్ పాత పేరే జనగాం.

సంవత్సరాల సంగతీ అంతే. హైదరాబాద్ ఫస్లీకి 590 కలిపితే ఈసవీ సన్ వస్తుంది. కొత్త సంవత్సరం ఆజర్ నెలతో, అంటే అక్టోబర్‌లో మొదలయ్యేది. కాబట్టి 1312 ఫస్లీ అంటే 1902-03. కానీ నికాహ్ కాగితాల్లో హిజ్రీ రాసేవాళ్లు. 1340 ఫస్లీ అంటే 1930-31, అదే 1340 హిజ్రీ అంటే 1921-22. ఏది ఫస్లీ, ఏది హిజ్రీ అని చూసుకోకపోతే తొమ్మిదేళ్లు తప్పుతాయి, కొడుకు తండ్రికంటే ముందు పుట్టేస్తాడు. మొదటి నెలలో నేను ఆ పొరపాటు చేశాను.

ఉర్దూ వచ్చు కదా అన్న నా గురూర్ కూడా అప్పుడే దిగింది. బడిలో మేం చదివింది నీట్‌గా అచ్చేసిన నస్తాలీఖ్. కచేరీ ముహర్రిర్ రాసింది షికస్తా. కలం ఎత్తకుండా, నుక్తాలు పెట్టకుండా ఉరికించిన రాత. బే, పే, తే, నూన్, యే, ఈ ఐదింటికీ మాట మధ్యలో ఒకటే పన్ను. నుక్తా లేకపోతే "నబీ" అని చదవాలో "బనీ" అని చదవాలో చెప్పలేం. ఇక విస్తీర్ణాలు, డబ్బు లెక్కలు రఖమ్‌లో ఉంటాయి. అవి అంకెలు కావు, అరబీ సంఖ్యల పేర్లను కుదించిన గుర్తులు. వాటిని చదివే ఒక ముసలాయన కరీంనగర్‌లో దొరికారు. ఆయన దగ్గర నలభై రోజులు కూర్చున్నాను. ఆయన దగ్గరికి వచ్చేవాళ్లలో మనవాళ్లకంటే రెడ్లు, వెలమలు, పద్మశాలీలే ఎక్కువ. వాళ్ల తాతల కాగితాలు కూడా ఉర్దూలోనే ఉన్నాయి మరి. 1880ల్లో ఫార్సీ స్థానంలో ఉర్దూ వచ్చిన తర్వాత తెలంగాణలో భూమి ఎవరిదైనా కాగితం భాష అదే. ఉర్దూ ముసల్మాన్ల జుబాన్ అనే మాట ఆ వరండాలో కూర్చుంటే నిలబడదు.

తర్వాత దాదా కొన్న ఇంటి బైనామా చదివాను. 1346 ఫస్లీ, అంటే 1936-37. ముకర్రంపురాలో 240 గజాల జాగా, రెండు పెంకుటి గదులు. పాత బైనామాలో ఒక మనిషి జీవితం మొత్తం ఒక్క వాక్యంలో ఉంటుంది: ఫలానా వల్ద్ ఫలానా, ఉమర్ ఇంత, పేషా ఇది, సాకిన్ ఫలానా ఊరు. మా దాదా ఉమర్ 28. పేషా దగ్గర "చప్రాసీ" అని ఉంది. జాగీర్‌దార్ మనవడిగా పెరిగిన నేను ఆ మాటను మూడుసార్లు చదివాను. నుక్తాలు కూడా సరిగ్గానే ఉన్నాయి.

బైనామాలో ఇంకో ఖజానా హదూద్-ఎ-అర్బా, అంటే నాలుగు హద్దులు. తూర్పున ఒక అవుసలాయన ఇల్లు, పడమర సర్కారీ రాస్తా, ఉత్తరాన ఒక బేవా ఇల్లు, దక్షిణాన మరొకరి ఖాళీ జాగా. మన కాగితం పోయినా పక్కింటి కాగితంలో మనం హద్దుగా ఉంటాం. అవుసలాయన మనవడు ఇప్పటికీ అదే గల్లీలో వెండి పని చేస్తాడు. అతని ఇంటి కాగితం తెచ్చి నా ముందు పెట్టి "సాబ్, ఇందులో ఏముందో చెప్పండి, మా నాయన కూడా చదవలేదు" అన్నాడు. చదివాను. పడమటి హద్దు మా దాదా ఇల్లు. ఇద్దరం ఒకరి కాగితంలో ఒకరం దొరికాం. ఆ రోజు వాళ్లింట్లో చాయ్ తాగి వచ్చాను.

ఇట్లాంటివి వెతకాలనుకునేవాళ్లకు ఒక మాట. రిజిస్ట్రేషన్ ఆఫీసు కంప్యూటర్‌లో ఈసీ 1983 నుంచే దొరుకుతుంది. అంతకు ముందువాటికి చేతిరాత ఇండెక్స్ పుస్తకాలు చూడాలి. ఒకటి పేర్ల వరసలో ఉంటుంది, ఇంకొకటి ఆస్తి వరసలో. పేరు తప్పుగా రాసి ఉంటే ఆస్తి వరసలో దొరుకుతుంది. ఇంటి నంబర్ మీద భరోసా పెట్టుకోకండి. వార్డులు మారినప్పుడల్లా మా ఇంటి నంబర్ మారింది, సందూక్‌లోని పన్ను రసీదుల్లో ఒకే ఇంటికి మూడు నంబర్లున్నాయి. గల్లీ పేరు, హద్దులు మాత్రం నిలుస్తాయి. కార్ఖానాగడ్డ, కశ్మీర్‌గడ్డ అనే పేర్లే చూడండి, సగం ఉర్దూ, సగం తెలుగు. మున్సిపాలిటీ పోయి కార్పొరేషన్ వచ్చినా ఆ పేర్లు పోలేదు.

ఇంక మిగిలింది జాగీర్. జాగీర్లు 1949 ఆగస్టు 15న రద్దయ్యాయి. నిజంగా జాగీరో ఇనామో ఉంటే దానికి ముంతఖబ్ అనే కాగితం ఉంటుంది. పాత రియాసత్ దఫ్తర్లన్నీ ఇప్పుడు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. షాజహాన్, ఔరంగజేబ్ కాలం కాగితాలు కూడా అక్కడే ఉన్నాయి. రెండుసార్లు వెళ్లాను. మా పేరు మీద ఏమీ దొరకలేదు.

చివరికి చెన్నూరు దిక్కు మా ఊరి ఖాస్రా పహాణీ నకలు తీసుకున్నాను. 1954-55లో ఊరూరా సర్వే నంబర్ల వారీగా రాసిన ఈ రిజిస్టర్ మీద తెలంగాణలో ఇప్పటికీ భూమి కేసులు నడుస్తున్నాయి. అంతకు ముందు బందోబస్త్ కాలపు సేత్వార్, ఏటేటా మార్పులు రాసిన ఫైసల్ పట్టీ, వసూల్ బాకీ ఉంటాయి గానీ, పట్టాదారు ఎవరు, నిజంగా నాగలి పట్టింది ఎవరు అన్నది పక్కపక్కన చూడాలంటే ఖాస్రానే చూడాలి. మా పర్‌దాదా తమ్ముడి పేరు దొరికింది. పట్టాదారు గడిలో కాదు. ఖాబిజ్ గడిలో. నాలుగు ఎకరాల చిల్లర, పట్టా ఇంకొకరిది. మా ఖాందాన్ జాగీర్ అదీ! ఎవరిదో భూమిని కౌలుకు దున్నుకున్నారు. అందులో ఒకరి కొడుకు చదువుకుని కచేరీలో చప్రాసీ అయి, జీతంలో దాచుకుని ముకర్రంపురాలో ఇల్లు కొన్నాడు.

కొన్ని రోజులు బాధపడ్డాను. తర్వాత ఫఖ్ర్‌గా అనిపించింది. జాగీర్ ఇచ్చేది నవాబు. ఈ 240 గజాలు మా దాదా కమాయి. కజిన్‌కు ఫోన్ చేసి చెబితే కాసేపు మాట్లాడలేదు. "చప్రాసీ అని ఫ్రేమ్‌లో రాయాల్నా?" అని అడిగాడు.

ఇక్కడితో ఆపేసి ఉంటే ఇది మంచి కహానీగానే ముగిసేది. కానీ సందూక్‌లో ఇంకొక నకలు ఉంది. దాదా 1964లో ఇంతెఖాల్ అయ్యారు. మరుసటి ఏడు ఇంటి పన్ను రిజిస్టర్‌లో విరాసత్ కోసం పెట్టుకున్న దర్ఖాస్త్ అది. "మర్హూమ్‌కు వారిసులం మేం ముగ్గురమే" అని కింద మూడు దస్తఖత్‌లు. మా అబ్బా, బడే అబ్బా, చాచా.

దాదాకు ఐదుగురు పిల్లలు. ఇద్దరు ఫుప్పూలున్నారు. దాదీ కూడా అప్పటికి హయాత్‌గానే ఉంది. దర్ఖాస్త్‌లో ముగ్గురు ఆడవాళ్ల పేర్లూ లేవు.

ఆ రాత్రి లెక్క వేసుకున్నాను. సూరా నిసా ప్రకారం పిల్లలున్న భర్త ఆస్తిలో భార్యకు ఎనిమిదో వంతు. మిగిలినదాంట్లో కొడుక్కి రెండు వాటాలైతే కూతురికి ఒకటి. 240 గజాల్లో దాదీకి 30. మిగిలిన 210లో కొడుకులకు తలా యాభై రెండున్నర, కూతుళ్లకు తలా ఇరవై ఆరుంపావు. దాదీ పోయాక ఆమె 30 కూడా పిల్లలకే వస్తుంది. అన్నీ కలిపితే కొడుక్కి 60 గజాలు, కూతురికి 30. మావాళ్లు పంచుకున్నది తలా 80. ముగ్గురు అన్నదమ్ముల దగ్గర తలా 20 గజాలు ఎక్కువ ఉన్నాయి. ఇద్దరు ఫుప్పూల హక్కు సరిగ్గా ఆ అరవై గజాలు.

చాచాను అడిగాను. "బహెన్లు మాఫ్ చేసిన్రు బేటా. అప్పట్లో అందరి ఇళ్లల్ల అట్లనే" అన్నారు. దస్త్‌బర్దారీనామా ఏదైనా రాయించుకున్నారా అంటే లేదు. మసీదులో మౌలానాను అడిగితే, చేతికి రాని వాటాను మొహమాటంతో వదిలేయడం మాఫీ కాదన్నారు.

చిన్న ఫుప్పూ జగిత్యాలలో ఉండేది, పోయి పదేళ్లైంది. పెద్ద ఫుప్పూ నిర్మల్‌లో ఉంది. ఎనభై ఐదేళ్లు. మే నెలలో వెళ్లాను.

"ఎందుకొచ్చినవ్ బేటా ఇంత ఎండల?"

"నీ పేరు వెతుక్కుంటూ వచ్చిన ఫుప్పూ."

"నా పేరా?" అని నవ్వింది. "ఇంట్ల ఉన్నదాని పేరు కాగితంల ఎందుకుంటది?"

విషయం చెప్పాను. ఆమె చాలాసేపు పాన్‌దాన్ మూత తీస్తూ వేస్తూ కూర్చుంది. మాఫ్ చేసినవట కదా అని అడిగాను.

"నన్ను ఎవరన్నా అడిగిన్రా, మాఫ్ చెయ్యడానికి? అడిగితే ఇచ్చేద్దునేమో. అడగలేదు. నేనూ నోరు తెరవలేదు. తెరిస్తే మైకా దర్వాజా బంద్ అయితదని డర్."

కాసేపాగి "అమ్మీజాన్ పేరన్నా దొరికిందా?" అని అడిగింది.

దొరికింది. భూమి కాగితాల్లో కాదు. ఖాజీ గారి పాత సియాహాలో. నికాహ్ సియాహాలో దుల్హన్ పేరు, తండ్రి పేరు, మెహర్, వకీల్, గవాహీలు రాస్తారు. దాదీని మేమంతా బీబీ అనే పిలిచేవాళ్లం. అసలు పేరు నాకు ఆ పుస్తకంలోనే తెలిసింది. మెహర్ సిక్కా-ఎ-ఉస్మానియాలో రాసి ఉంది. మన ఇళ్లల్లో ఆడవాళ్ల పేరు తప్పనిసరిగా రాసిన పాత దఫ్తర్ నాకు తెలిసి అదొక్కటే. పహాణీలు, పన్ను రిజిస్టర్లు తిప్పితే మన ఊళ్లల్లో మగవాళ్లే బతికారేమో అనిపిస్తుంది. ఫుప్పూకు ఆ పేజీ ఫోటో చూపించాను. ఆమెకు ఉర్దూ చదవడం వచ్చు. తల్లి పేరు మీద వేలు పెట్టి రెండుసార్లు చదివింది.

2019-20లో పౌరసత్వం కాగితాల భయం వచ్చినప్పుడు మనవాళ్లంతా సందూక్‌లు తెరిచారు. ఇప్పుడు 2027 జనగణన వస్తోంది, మళ్లీ తెరుస్తారు. తెరవండి. నకళ్లు తీసి పెట్టుకోండి. 1984లో పట్వారీ వ్యవస్థ రద్దయింది, 2020లో వీఆర్వోలు పోయారు, ధరణి వచ్చింది, 2025లో దాని స్థానంలో భూ భారతి వచ్చింది. దఫ్తర్ చేతులు మారినప్పుడల్లా కొన్ని పేజీలు జారిపోతాయి. లోయర్ మానేరు డ్యామ్‌లో ఊరు పోయినవాళ్లు భూసేకరణ అవార్డు నకలు తీసుకోండి, మునిగిన ఇంటికి మిగిలిన సబూత్ అదే. షికస్తా, రఖమ్ చదివే ముసలివాళ్లు ఉండగానే చదివించుకోండి. నాకు నేర్పినాయన పోయిన రంజాన్‌లో అల్లాకు ప్యారే అయ్యారు.

కానీ సందూక్ తెరిస్తే మనకు కావలసిన కాగితం ఒక్కటే బయటికి రాదు. సర్కారుకు మనం చూపించే సబూత్‌లోనే మన ఇంటి బిడ్డలకు మనం చేసిన జుల్మ్ కూడా రాసి ఉంటుంది. మన హక్కు కోసం దస్తావేజు పట్టుకుని నిలబడేవాళ్లం, అదే దస్తావేజులో మాయమైన పేర్లకు కూడా జవాబు చెప్పాలి.

నేను, తమ్ముడు, చెల్లె కూర్చుని మాట్లాడుకున్నాం. అబ్బా వాటాలో ఎక్కువగా వచ్చిన 20 గజాలకు ఇప్పటి ధర కట్టి, సగం నిర్మల్ ఫుప్పూకు, సగం జగిత్యాల ఫుప్పూ పిల్లలకు ఇస్తున్నాం. ఒక కిస్తు ఇచ్చాం, రెండు ఉన్నాయి. బడే అబ్బా కొడుకులు ఆలోచిస్తామన్నారు. చాచా ఇంకా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. లండన్ కజిన్ చాచా కొడుకే. షజ్రా పంపించాను. అందులో దాదీ పేరు, ఇద్దరు ఫుప్పూల పేర్లు, దాదా పేరు కింద "చప్రాసీ, కరీంనగర్" అని రాసి ఉంది. ఫ్రేమ్ కట్టించాడో లేదో ఇంకా చెప్పలేదు.